క్లౌడ్ వచ్చినంత మాత్రాన కన్సోల్‌కు కాలం చెల్లదు

గేమింగ్ యంత్రాల ధరలు పెరిగిన ప్రతిసారీ ఒక ప్రశ్న మళ్లీ చర్చకు వస్తోంది. ఆటను ఎక్కడో డేటా సెంటర్‌లోని కంప్యూటరే నడిపి, ఆ దృశ్యాన్ని వీడియోగా ఇంటికి పంపగలిగినప్పుడు యాభై వేల రూపాయలు పోసి కన్సోల్‌నో, అంతకు రెట్టింపు పెట్టి గేమింగ్ కంప్యూటర్‌నో కొనుక్కోవడం దేనికన్నదే ఆ ప్రశ్న. 2025లో దీనికి మరింత బలం చేకూరింది. అప్పటికి మార్కెట్లోకి వచ్చి ఐదేళ్లు కావస్తున్న కన్సోళ్ల ధర ఆనవాయితీ ప్రకారం తగ్గాల్సింది. కానీ అమెరికాలో ప్లేస్టేషన్ 5 ధర ఆగస్టులో 50 డాలర్లు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ధర రెండు విడతల్లో 150 డాలర్లు పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పోటీపడి కొనేస్తుండడంతో ఏడాది చివరికి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. క్రూషియల్ పేరుతో సాధారణ వినియోగదారులకు మెమరీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ సంస్థ డిసెంబరులో ప్రకటించింది. దానికి నెల ముందే మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్ సేవ భారత్‌లో మొదలైంది. యంత్రం ప్రియమవుతున్న వేళ, యంత్రమే అక్కర్లేదనే సేవ గుమ్మం దాకా వచ్చింది కాబట్టి దీని సాధ్యాసాధ్యాలను, అది నిజమైతే ఎవరికేమవుతుందన్నదాన్ని నిదానంగా పరిశీలించాల్సి ఉంది.

క్లౌడ్ గేమింగ్‌లో ఆటగాడు నొక్కిన మీట సంకేతం ఇంటర్నెట్ ద్వారా దూరంలోని సర్వర్‌కు చేరుతుంది. అక్కడి గ్రాఫిక్స్ చిప్ తదుపరి దృశ్యాన్ని గీస్తుంది. దాన్ని వీడియోగా కుదించి వెనక్కి పంపితే ఇంట్లోని తెర విప్పి చూపుతుంది. ఇంట్లో ఉండాల్సింది ఒక మామూలు టీవీ లేదా ఫోన్, కంట్రోలర్, స్థిరమైన ఇంటర్నెట్ మాత్రమే. క్యాసెట్లు, సీడీలు, డీవీడీలు స్ట్రీమింగ్ ముందు నిలవలేకపోయినట్లే కన్సోల్ కూడా నిలవలేదని ఈ పద్ధతిని సమర్థించేవారు వాదిస్తారు. పోలిక చూడడానికి సబబుగానే ఉంటుంది గానీ అందులో రెండు లోపాలున్నాయి. సినిమా ఇప్పటికే తయారైపోయింది కనుక రాబోయే కొన్ని సెకన్ల భాగాన్ని ముందే తెచ్చి నిల్వ చేసుకోవచ్చు, మధ్యలో నెట్ తడబడినా ప్రేక్షకుడికి తెలియదు. ఆటలో తర్వాతి క్షణం ఆటగాడి నిర్ణయంతో పుడుతుంది కాబట్టి ముందే తెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. ఒకే సినిమా ప్రతిని సర్వర్ లక్షల మందికి పంపగలదు. ఆట మాత్రం ప్రతి ఆటగాడికీ వేరుగా నడవాలి, ప్రతి ఒక్కరికీ గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకంగా వాటా కావాలి. స్ట్రీమింగ్ సినిమాను చవక చేసిన సూత్రాలేవీ ఆటకు వర్తించకపోవడానికి కారణం ఇదే.

మొదటి లోపం ఫలితం జాప్యం. సెకనుకు 60 దృశ్యాలు చూపే ఆటలో ఒక్కో దృశ్యానికి దక్కే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆటలోని పాత్ర గోతి మీదుగా దూకాలని ఆటగాడు మీట నొక్కాడనుకుందాం. ఆ సంకేతం కంట్రోలర్ నుంచి రౌటర్‌కు, అక్కడి నుంచి ఇంటర్నెట్ సంస్థ తీగల్లోకి, వాటిగుండా సర్వర్‌కు వెళ్లాలి. సర్వర్ దూకిన దృశ్యాన్ని లెక్కించి, గీసి, కుదించి, అదే దారిలో వెనక్కి పంపాలి. టీవీ దాన్ని విప్పి చూపాలి. సొంత కన్సోల్‌లోనూ లెక్కింపుకు, చిత్రణకు, టీవీకి కొంత సమయం పడుతుంది కనుక జాప్యమంతా క్లౌడ్ పుణ్యమేనని అనలేం. కుదింపు, ప్రయాణం, విప్పడం అనే మూడు దశలు మాత్రం క్లౌడ్ అదనంగా చేర్చేవే. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. విశాఖపట్నం నుంచి ముంబైకి గీత గీసినట్లు తీగ వేసినా సుమారు 1,100 కిలోమీటర్లు, అంటే రాకపోకలకే 11 మిల్లీసెకన్లు. నిజమైన తీగ రైలుమార్గాల వెంట, రహదారుల వెంట వంకర్లు తిరుగుతూ మధ్యలో పలు కూడళ్ల వద్ద ఆగి పోతుంది కనుక అసలు సమయం దీనికంటే ఎక్కువే ఉంటుంది. వ్యూహాత్మక ఆటల్లోనో, మలుపుల వారీగా ఎత్తులు వేసే ఆటల్లోనో ఇది పట్టించుకోదగ్గది కాదు. గురిచూసి కాల్చే పోటీ ఆటల్లో, ముష్టియుద్ధాల్లో ఆటగాడి నైపుణ్యాన్నే అది దెబ్బతీస్తుంది. సగటు జాప్యం కంటే దాని హెచ్చుతగ్గులు మరింత చేటు చేస్తాయి. స్థిరంగా ఉన్న ఆలస్యానికి వేళ్లు అలవాటు పడతాయి, క్షణక్షణానికి మారే ఆలస్యానికి అలవాటు పడడం ఎవరివల్లా కాదు.

జాప్యం గురించి అందరూ మాట్లాడతారు. క్లౌడ్ గేమింగ్ భవిష్యత్తును నిర్ణయించే రెండో లోపం ఫలితం మాత్రం అంతగా చర్చకు రాదు, అది సర్వర్ల ఖాళీ సమయం. ఆటగాళ్లంతా దాదాపు ఒకే వేళలో ఆడతారు. బడి, కాలేజీ, ఉద్యోగం ముగిశాక సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా రద్దీ శిఖరానికి చేరి, తెల్లవారుజామున దాదాపు శూన్యమవుతుంది. ముహూర్తాల రోజున ఊళ్లోని ఫంక్షన్ హాళ్లన్నీ చాలక, మూఢంలో అవే హాళ్లు తాళాలతో పడివుండడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. సాధారణ క్లౌడ్ వ్యాపారంలో ఒక దేశపు రాత్రి మరో దేశపు పగలుకు సర్దుబాటవుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఖాళీగా ఉన్న గ్రాఫిక్స్ చిప్‌ను న్యూయార్క్ ఆటగాడికి ఇస్తే దూరం వల్ల ఆట ఆడలేనంత మందగిస్తుంది. జాప్యం, ఖాళీ సమయం విడివిడి సమస్యలుగా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే: సర్వర్ ఆటగాడికి దగ్గర్లోనే ఉండి తీరాలి, అలాగైతే ఆ ప్రాంతపు రద్దీ వేళకు సరిపడా యంత్రాలను సేవాసంస్థే కొని పెట్టుకోవాలి. కుటుంబం కన్సోల్ కొన్నప్పుడు అది రోజుకు ఇరవై గంటలు వాడకుండా ఉన్నా ఆ నష్టం ఎవరి లెక్కల్లోనూ కనిపించదు. అదే చిప్ డేటా సెంటర్‌లో ఖాళీగా ఉంటే విద్యుత్తు, శీతలీకరణ, అరుగుదల ఖర్చులతో సహా కంపెనీ పద్దులో కనిపిస్తుంది.

ఈ రంగం పదిహేనేళ్ల చరిత్రను ఈ కోణంలోంచి చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. స్టీవ్ పెర్ల్‌మన్ స్థాపించిన ఆన్‌లైవ్ 2010 జూన్‌లో అమెరికాలో ఆర్భాటంగా మొదలై, 2012 ఆగస్టు నాటికే ఆర్థికంగా కుప్పకూలింది. రద్దీ వేళ కోసం వేల సర్వర్లు సిద్ధం చేసుకున్న ఆ సంస్థకు చందాదారులు తగినంత మంది రాలేదు. ఆ ఏడాదే సోనీ 38 కోట్ల డాలర్లకు గైకాయ్‌ని కొని, దాని పునాదిపై ప్లేస్టేషన్ నౌ సేవను నిర్మించింది. ఆ సేవ 2022లో ప్లేస్టేషన్ ప్లస్ చందాలో ఒక భాగంగా కలిసిపోయింది. గూగుల్ స్టేడియా 2019 నవంబరులో 14 దేశాల్లో మొదలైంది. సాంకేతికంగా అది బాగానే పనిచేసిందని విమర్శకులు సైతం ఒప్పుకున్నారు. ప్రపంచంలోని అతిపెద్ద డేటా సెంటర్ వ్యవస్థల్లో ఒకటి దాని వెనుక ఉంది. అయినా 2021 ఫిబ్రవరిలో సొంత స్టూడియోలను, 2023 జనవరి 18న మొత్తం సేవను గూగుల్ మూసేసింది. విడిగా నిలబడిన పెద్ద క్లౌడ్ సేవలు ఇలా రాలిపోగా, ప్రధానంగా మరో వ్యాపారానికి అనుబంధంగా ఉన్నవే మిగిలాయి. ఎక్స్‌బాక్స్‌కు గేమ్ పాస్ చందా, సోనీకి ప్లేస్టేషన్, అమెజాన్ లూనాకు ప్రైమ్, ఎన్విడియా జీఫోర్స్ నౌకు చిప్‌ల వ్యాపారం అండగా ఉన్నాయి.

మిగిలినవాటిలోనూ కొరత జాడలు స్పష్టంగా కనిపిస్తాయి. జీఫోర్స్ నౌ ఉచితంగా ఆడేవారిని వరుసలో నిలబెట్టి, గంట దాటగానే బయటికి పంపుతుంది. డబ్బు చెల్లించే కొత్త చందాదారులకూ 2025 జనవరి నుంచి నెలకు వంద గంటల పరిమితి పెట్టింది. ఎక్స్‌బాక్స్ క్లౌడ్‌తో కూడిన గేమ్ పాస్ అల్టిమేట్ చందాను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరులో అమెరికాలో నెలకు 19.99 డాలర్ల నుంచి 29.99 డాలర్లకు పెంచింది. ఆ లెక్కన రెండేళ్ల చందాతో ఒక కన్సోల్ వస్తుంది. చందాలో ఆటల గ్రంథాలయం కూడా కలిసి ఉందన్నది నిజమే అయినా, క్లౌడ్ అంటే చవక అన్న నమ్మకం మాత్రం నిలవదు. రాత్రిపూట ఖాళీ చిప్‌లను కృత్రిమ మేధ పనులకు అద్దెకిస్తే గిట్టుబాటవుతుందని కొందరంటారు. రెండు పనులకూ ఉపయోగపడే చిప్‌లు కొన్ని ఉన్నా, కృత్రిమ మేధలో అత్యధిక లాభాలు తెచ్చే తాజా చిప్‌లలో దృశ్య చిత్రణకు కేటాయించిన భాగం నామమాత్రం. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియాకు డేటా సెంటర్ల వ్యాపారం నుంచి సుమారు 11,500 కోట్ల డాలర్లు వస్తే, గేమింగ్ నుంచి వచ్చింది సుమారు 1,100 కోట్ల డాలర్లే. డేటా సెంటర్‌లో ప్రతి అంగుళానికీ, ప్రతి యూనిట్ విద్యుత్తుకూ కృత్రిమ మేధ పోటీకి వస్తున్నప్పుడు తక్కువ లాభం తెచ్చే ఆటకు అందులో చోటు దొరకడం కష్టం. మెమరీ కొరత ఇంటి యంత్రాన్ని ప్రియం చేసిన మాట వాస్తవమే, కానీ ఆ కొరత క్లౌడ్ సర్వర్‌నూ వదల్లేదు.

ఇంతమాత్రాన క్లౌడ్‌కు భవిష్యత్తు లేదని కాదు. వంద గిగాబైట్లు దించుకునే ముందు ఆటను పది నిమిషాలు రుచి చూడడానికి, ప్రయాణంలో ఉన్నప్పుడు ఇంటి ఆటను కొనసాగించడానికి, నెలకు నాలుగైదు గంటలు మాత్రమే ఆడేవారికి అది మేలైన మార్గం. తాము కొన్న యంత్రంలో ఉన్న ఆటనే మరో గదిలోనో మరో ఊళ్లోనో ఆడే సౌకర్యంగా దాన్ని జనం ఆదరిస్తున్నారు. 2023 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ పోర్టల్ తనంతట తాను ఏ ఆటనూ నడపలేదు, ఇంట్లోని కన్సోల్ నుంచి వచ్చే దృశ్యాన్ని చూపేందుకే దాన్ని తయారుచేశారు. క్లౌడ్ సౌకర్యం తర్వాత జతపడింది. ఇంటి యంత్రం కూడా ఉన్నచోట ఉండిపోలేదు. 2021లో హిట్‌మ్యాన్ 3 నింటెండో స్విచ్‌పైకి క్లౌడ్ రూపంలోనే వచ్చింది, ఆ యంత్రానికి దాన్ని సొంతంగా నడిపే శక్తి లేకపోవడమే కారణం. 2025 జూన్‌లో స్విచ్ 2 విడుదలైన రోజునే అదే ఆట చేతిలోని యంత్రంపై నేరుగా నడిచింది. తక్కువ స్పష్టతతో గీసిన దృశ్యాన్ని చిప్ తానే మెరుగుపరచి చూపే పద్ధతులు చవక యంత్రాలకూ అందుతున్నాయి. చిన్న యంత్రానికి సాధ్యం కాని ఆటను క్లౌడ్ అందించడం, నాలుగేళ్లలో ఆ చిన్న యంత్రమే దాన్ని అందుకోవడం ఇకపైనా జరుగుతూనే ఉంటుంది.

దేశాల అనుభవాలు కూడా ఒకే దిశలో లేవు. దక్షిణ కొరియాలో అతివేగ ఇంటర్నెట్, దగ్గరి దూరాలు, పట్టణాల్లో కిక్కిరిసిన జనాభా అన్నీ క్లౌడ్‌కు అనుకూలమే. ఎల్‌జీ యూప్లస్ 2019లోనే జీఫోర్స్ నౌను తెచ్చింది, ఎస్‌కే టెలికాం మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది. అయినా అక్కడి యువత గంటల లెక్కన అద్దె చెల్లించి శక్తిమంతమైన కంప్యూటర్లపై ఆడే పీసీ బాంగ్‌లను క్లౌడ్ కదిలించలేకపోయింది. యంత్రాన్ని పంచుకోవడం అన్న అవసరాన్ని ఆ కేంద్రాలు క్లౌడ్ కంటే ముందే తీర్చాయి, అదీ జాప్యం లేకుండా. చైనాలో 2000 నుంచి 2014 దాకా కన్సోళ్ల అమ్మకాలపై నిషేధం ఉండడంతో ఇంటింటా ఆ యంత్రం వేళ్లూనుకోలేదు. ఫోన్లే ప్రధాన వేదిక అయ్యాయి కనుక అక్కడ క్లౌడ్ ఫోన్‌కు తోడుగా ఎదుగుతోంది. జెన్‌షిన్ ఇంపాక్ట్ అనే ఆటను తయారుచేసిన సంస్థే నిల్వ స్థలం చాలని ఫోన్ల కోసం క్లౌడ్ రూపాన్ని ఇచ్చింది. భారత్‌కు దగ్గరి పోలిక అమెరికా కంటే చైనాయే.

నియంత్రణ విషయంలో బ్రిటన్ చూపిన పట్టుదల గమనించదగ్గది. మైక్రోసాఫ్ట్ 6,870 కోట్ల డాలర్లకు ఆటల తయారీ సంస్థ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనబోతే, అక్కడి పోటీ, మార్కెట్ల ప్రాధికార సంస్థ 2023 ఏప్రిల్‌లో అడ్డుకుంది. కన్సోల్ మార్కెట్‌ను కాదు, అప్పటికి చాలా చిన్నదైన క్లౌడ్ మార్కెట్‌ను అది కారణంగా చూపింది. ప్రపంచ క్లౌడ్ గేమింగ్‌లో మైక్రోసాఫ్ట్ వాటా 60 నుంచి 70 శాతమని అంచనా వేసి, ప్రాచుర్యం పొందిన ఆటలు కూడా దాని చేతికే వెళితే ఎదగకముందే పోటీ చచ్చిపోతుందని వాదించింది. ఐరోపా ఆర్థిక ప్రాంతం బయట ఆ ఆటల క్లౌడ్ హక్కులను, రాబోయే 15 ఏళ్లలో వచ్చేవాటితో సహా, యూబీసాఫ్ట్‌కు అమ్మాకే 2023 అక్టోబరులో ఒప్పందం పూర్తయింది. ఐరోపా కమిషన్ మాత్రం ఆటను కొన్నవారు తమకు నచ్చిన క్లౌడ్ సేవలో ఆడుకునేలా పదేళ్ల ఉచిత లైసెన్సుల షరతుతో అనుమతించింది. రెండింటిలో ఐరోపా మార్గం వినియోగదారుకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఒకసారి కొన్న ఆట ఏ సర్వర్‌పైనైనా నడిచే హక్కు కొన్నవారికే ఉండడం పోటీకి కూడా మేలు.

హక్కుల సమస్య అక్కడితో ఆగదు. స్టేడియా మూతపడినప్పుడు ఆటలకు, పరికరాలకు చెల్లించిన సొమ్మును గూగుల్ తిరిగిచ్చింది. అది గూగుల్ మర్యాద, చట్టం చేసిన నిర్బంధం కాదు; అంత స్తోమత లేని సంస్థ మూతపడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. సొమ్ము తిరిగొచ్చినా అవుట్‌కాస్టర్స్ వంటి స్టేడియాకే పరిమితమైన ఆటలు ఆ సర్వర్లతోపాటే అదృశ్యమయ్యాయి. డిస్కు మీద ఉన్న ఆటను ఇరవై ఏళ్ల తర్వాత పాత యంత్రం దుమ్ము దులిపి ఆడవచ్చు, సర్వర్‌లోనే పుట్టిన ఆటకు ఆ అవకాశం లేదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అవన్నీ ప్రతుల రూపంలో వచ్చిన కాలపు ఆటలు. కొనుగోలు పేరుతో అమ్మేది లైసెన్సు మాత్రమేనన్న సంగతిని స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చట్టం 2025 జనవరి నుంచి డిజిటల్ దుకాణాలను ఆదేశిస్తోంది. యూబీసాఫ్ట్ ద క్రూ ఆటను 2024 మార్చిలో ఆపేశాక, కొన్న ఆటలను ఆడలేకుండా చేయరాదంటూ మొదలైన ఉద్యమం ఐరోపాలో పది లక్షలకు పైగా పౌరుల సంతకాలు సేకరించింది.

భారత్‌లో అత్యధిక ఆటగాళ్ల యంత్రం ఇప్పటికే వారి జేబులో ఉంది. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడే కుర్రాళ్లకు ఫోనే కన్సోల్. వారికి క్లౌడ్ ఇవ్వజూపేది పెద్ద ఆటలకు ప్రవేశం. దానికి అడ్డొచ్చేది డేటా. సెకనుకు 10 మెగాబిట్ల ప్రవాహం గంటకు 4.5 గిగాబైట్లు తింటుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న విద్యార్థికి అది అరగంట ఆటకు కూడా చాలదు. ఇంటికి తీగ ద్వారా బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి ఈ బాధ లేకపోయినా, దేశంలోని బ్రాడ్‌బ్యాండ్ చందాదారుల్లో అలాంటివారు పదో వంతు కూడా లేరు. 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్, మిషన్ భగీరథ పైపుల కందకాల్లోనే కేబుల్ వేసిన టీ-ఫైబర్ ఈ లోటు తీర్చేందుకు ఉద్దేశించినవే. 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రం ఉంది. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం నిర్మిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. ఇవి వచ్చినంతనే శ్రీకాకుళం ఆటగాడికి జాప్యం తగ్గుతుందనుకోవడం పొరపాటు. ఆ ఊరి ఇంటర్నెట్ సంస్థ తన ట్రాఫిక్‌ను విశాఖలోనే మరో సంస్థకు అందించక చెన్నైకో ముంబైకో తీసుకెళ్లి మార్చుకుంటే, పక్కనే ఉన్న సర్వర్ కూడా వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే లెక్క. భవనాలకు భూములిచ్చే ప్రభుత్వాలు ఇంటర్నెట్ మార్పిడి కూడళ్లను జిల్లా కేంద్రాల దాకా తేవడంపై పెట్టాల్సినంత దృష్టి పెట్టడం లేదు.

విధానపరంగా మొదట తేలాల్సింది ఇంటర్నెట్ సమానత్వం. 5జీలో నెట్‌వర్క్‌ను పొరలుగా చీల్చి, ఒక పొరను ఆటలకు మాత్రమే కేటాయించి జాప్యం తగ్గించే వీలుంది. టెలికాం సంస్థ తన సొంత క్లౌడ్ గేమింగ్‌కే ఆ పొరను ఇచ్చి, దాని డేటాను లెక్కలోంచి మినహాయిస్తే మిగతా సేవలు పోటీలో నిలవలేవు. కంటెంట్‌ను బట్టి వేర్వేరు డేటా ధరలు వసూలు చేయడాన్ని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరిలో నిషేధించింది, దాన్ని సడలించకూడదు. 2018లో కేంద్రం ఆమోదించిన సమానత్వ సూత్రాల్లో ప్రత్యేక సేవలకు ఉన్న మినహాయింపు కిందికి క్లౌడ్ గేమింగ్ వస్తుందా లేదా అన్నది మాత్రం ట్రాయ్ ఇప్పుడే స్పష్టం చేయాలి. సంస్థలు పెట్టుబడి పెట్టాక చెబితే ఆలస్యమవుతుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేలను నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. సేవ మూతపడితే కొన్న ఆటకు ఏమవుతుందన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. మూసివేతకు ముందస్తు నోటీసు, విడిగా కొన్న ఆటలకు వాపసు, ఆటలోని పురోగతిని బయటికి తీసుకెళ్లే వీలు అనే మూడింటిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలుగా జారీ చేయవచ్చు.

ఆటలను భావితరాలకు భద్రపరచే విషయానికొస్తే, ఫ్రాన్స్‌లో 1992 నుంచి వీడియో గేమ్‌లు కూడా జాతీయ గ్రంథాలయానికి ప్రతి అప్పగించాల్సిన జాబితాలో ఉన్నాయి. భారత్‌లో ఇలాంటి 1954 నాటి చట్టం పుస్తకాలకు, పత్రికలకే పరిమితం. చట్టం మారే దాకా ఆగనక్కర్లేదు. తెలంగాణ 2016లో తెచ్చిన ఇమేజ్ విధానం యానిమేషన్, గేమింగ్ స్టూడియోలకు రాయితీలు ప్రకటించింది. అలాంటి రాయితీ పొందే స్టూడియో క్లౌడ్‌లో మాత్రమే విడుదల చేసే ప్రతి ఆటకూ సర్వర్ లేకుండా నడిచే ఒక ప్రతిని ప్రభుత్వ గ్రంథాలయంలో భద్రపరచాలన్న షరతును ఒక ఉత్తర్వుతో చేర్చవచ్చు.